కొన్యా నుంచి కైసేరి దాకా: ఏడాదిన్నరగా వాడుతున్న సైకిల్ సంచులు

ఈ జత సంచులు కొని ఏడాదిన్నర అయింది. హైదరాబాద్‌లో కూరగాయలకీ ఇవే, టర్కీలో కొన్యా నుంచి కైసేరి దాకా నేనూ మా ఆయనా తిరిగిన మూడు వారాలకీ ఇవే. రెండూ కలిపి 40 లీటర్లు పడతాయి. మూతి చుట్టి బకిల్ పెట్టే రకం. వెనక క్యారియర్ కడ్డీకి కొక్కేలతో తగులుతాయి, పైన పట్టీ పట్టి లాగితే ఊడి చేతికొస్తాయి. వాన నీళ్లు ఒక్క చుక్క లోపలికి పోలేదు. అది అందరూ రాసేదే. రోజూ బజారు పనులకి ఇవి ఎలా పనికొచ్చాయో చెప్పాలని నాకుంది, ఎందుకంటే సైకిల్ ప్రయాణంలో సగం రోజు వాటికే పోతుంది.

కొన్యా దాటాక అంతా చదును నేల. సుల్తాన్‌హానీ దాకా సుమారు 110 కిలోమీటర్లు, నీడ చాలా తక్కువ. ఆ ఊళ్లో 1229లో సెల్జుక్ సుల్తాన్ కట్టించిన పెద్ద రాతి సత్రం ఉంది, ఒంటెలతో వచ్చే వర్తకులు రాత్రికి ఆగడానికి. మేమూ ఆ దారినే పోతూ నీళ్లు, రొట్టె, టమాటాలు, జున్ను, టైర్లకి గాలి వెతుక్కున్నాం. భాష రాకపోయినా టెన్షన్ పడలేదు. దుకాణాన్ని వాళ్లు దుక్యాన్ అంటారు, బజారుని పజార్ అంటారు. పెట్రోల్ బంకులో ‘హవా’ అని బోర్డు చూసి నాకు ఎంత సంతోషమేసిందో! గాలి, నీళ్లు అక్కడ దొరుకుతాయి. సన్న వాల్వు ఉన్నవాళ్లు మాత్రం చిన్న ఇత్తడి అడాప్టర్ వెంట ఉంచుకోండి.

బక్కాల్ అంటే మన కిరాణా కొట్టు. దాని ముందు సైకిల్ ఆపి, ఒక సంచి ఊడదీసి భుజాన వేసుకుని లోపలికెళ్లడం నాకు బాగా అలవాటైపోయింది. పాస్‌పోర్టు, డబ్బు ఆ సంచిలోనే. అయితే రొట్టె ఇందులో పెట్టకండి. ఫిరిన్‌లో, అంటే రొట్టెల బట్టీలో, వేడివేడిగా కొన్న రొట్టె మూతి బిగించిన సంచిలో చెమట పట్టి, గంటలో తడిగుడ్డలా అయింది. తర్వాత గుడ్డసంచిలో వేసి పైన కట్టుకున్నాం. ఇంకోసారి తెల్ల జున్ను డబ్బా మూత వదులై ఉప్పునీళ్లు ఒలికాయి. బయటికి చుక్క రాలేదు, లోపల బట్టలన్నీ నానాయి. వెనిగర్‌తో రెండుసార్లు కడిగితేగాని వాసన పోలేదు.

అక్సరాయ్ దాటాక ఒక ఊరి వారపు సంతలో టమాటాలు ఏరుకుంటుంటే, పక్కనున్న పెద్దావిడ నా చేతిలోంచి రెండు మెత్తటివి తీసి గట్టివి పెట్టింది. ఆవిణ్ని తెయ్‌జె అన్నాను. అమ్మ తోబుట్టువుని పిలిచే మాట అది, మన పిన్నిలాగే. అంతే, రాత్రి భోజనానికి రావాల్సిందేనంది. ఉత్త చేతులతో వెళ్లకూడదని బక్లావా కొన్నాం. పాకం కారకుండా పెట్టె అడ్డంగా ఉండాలి, ఈ సంచి అంత వెడల్పు లేదు. క్యారియర్ మీద రబ్బరు తాడుతో కట్టి మెల్లగా తొక్కాం.

చెప్పులు గుమ్మం బయట విప్పాం. దుమ్ముకొట్టుకున్న సంచులు తడిగుడ్డతో తుడిస్తే ఇట్టే శుభ్రమయ్యాయి, లోపలికి తేవడానికి మొహమాటం లేకపోయింది. నేల మీద గుడ్డ పరిచి, పొట్టి పీట మీద బండి చక్రమంత పళ్లెం పెట్టారు. దాన్ని సిని అంటారు. చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చుని, గుడ్డ అంచు ఒళ్లోకి లాక్కోవాలి, రొట్టె తునకలు నేలపాలు కాకుండా. ముందు మెర్జిమెక్ చోర్బా, మన ఎర్ర కందిపప్పుతో చేసే చారు, నిమ్మకాయ పిండుకుని. తర్వాత గోధుమరవ్వ పులావు, తెల్ల చిక్కుడు గింజల కూర, ద్రాక్షాకుల చుట్టలు, ఊరగాయ, గడ్డపెరుగు. శాకాహారులైతే ముందే అడగండి, రవ్వనీ గింజల్నీ మాంసం ఉడికిన నీళ్లతో వండుతుంటారు.

మా ఆయన పెరుగువైపు చూసి, “కలుపుకోవచ్చంటావా?” అన్నారు నెమ్మదిగా. నేను జవాబిచ్చేలోపే తెయ్‌జె రెండు గరిటెల పెరుగు ఆయన పులావు మీద వేసేసింది. ఇంటికి దూరంగా ఉన్న అన్ని రోజుల్లో ఆయన అంత తృప్తిగా తినడం అప్పుడే చూశాను. లేచేటప్పుడు “ఎలినిజే సాలిక్” అన్నాం, మీ చేతులు చల్లగా ఉండాలని. టీ మాత్రం ఆగలేదు, చెంచా గ్లాసు మీద అడ్డంగా పెట్టేదాకా పోస్తూనే ఉన్నారు.

ఇక సంచుల సంగతి. క్యారియర్‌కి రాసుకునే అడుగు మూలలో ఏడాదికి చిన్న చిల్లు పడింది. ట్యూబ్ ప్యాచ్ వేశాను, ఇప్పటికీ నిలిచింది. కొక్కేల్లో బిగించే ప్లాస్టిక్ ముక్క ఒకటి ఎక్కడో పడిపోయింది, ఆ వైపు గుంతల్లో టకటక మంటుంది. లోపల అర ఒక్కటే, తాళం చెవులు వెతుక్కోవాలి. అయినా మళ్లీ ఇవే కొంటాను.

నీళ్లు పోకుండా ఉండాలంటే మూతి కనీసం మూడు మడతలు చుట్టాలని కంపెనీ సూచన. మర్నాడు పొద్దున తెయ్‌జె పల్చటి యుఫ్కా రొట్టెలు, ద్రాక్షపళ్లు, ఎండు ఆప్రికాట్లు కుక్కి కుక్కి పెట్టాక, ఒక్క మడతే పడింది.