రేకు మీద శాసనసభ: కర్నూలు పాతబస్తీలోని ఓ బోర్డుల షాపు

మా హైస్కూలు వరండాలో గోడకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు రేకు బోర్డు ఒకటి బిగించి ఉంది. పైన "ఆంధ్రప్రదేశ్ శాసనసభ" అని పెద్దక్షరాలు. కింద 1983 నుంచి 2024 దాకా పది ఎన్నికలకు పది వరుసలు. ఏ ఏడు మొత్తం సీట్లెన్ని, ప్రభుత్వం ఏర్పాటు చెయ్యాలంటే ఎన్ని కావాలి, ఎవరు గెలిచారు, ఎన్నింటితో గెలిచారు, అన్నీ గళ్లలో ఉంటాయి. ఈ బోర్డు రాసిచ్చిన షాపు గురించి నలుగురికీ చెప్తానని పెద్దాయనకు మాటిచ్చాను. పేరు, నంబరు మాత్రం వద్దన్నారు. "పనుండేటోళ్లు నడుసుకుంటా వస్తార్లే మేడం. ఫోనెత్తి మాట్లాడుతుంటే కుంచెలో రంగు ఆరిపోతాది" అన్నారు. అందుకే షాపుకు దారి మాత్రం చివర్లో చెప్తాను.

నేను సోషల్ టీచర్‌ని. శాసనసభ పాఠం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద అంకెలు రాయడం, గంట కొట్టగానే తుడిచెయ్యడం. పిల్లల కళ్ల ముందు ఏడాది పొడుగునా ఉండాలని 2019 ఎన్నికల తర్వాత ఫ్లెక్సీ వేయించాను. ఎవరి దగ్గరన్నది వద్దులెండి. కంప్యూటర్లో ఫాంటు మారి వత్తులన్నీ ఊడిపోయాయి. "రాష్ట్ర" అన్న మాటలో ష ఒక చోట, దాని కింద ఉండాల్సిన వత్తులు పక్కన ఇంకో చోట. తెలుగు మాస్టారు దాన్ని చూసి అటువైపు నడవడం మానేశారు. మార్చమని అడిగితే, ప్రింటయ్యాక మా బాధ్యత లేదన్నారు. పది నెలల ఎండకు పసుపు తెలుపైంది, ఆకుపచ్చ బూడిదైంది, ఆషాఢం గాలికి మధ్యకు చిరిగింది. 2024 జూన్ 4న ఫలితాలు వచ్చేసరికి గోడకు నాలుగు మేకులు మిగిలాయి.

ఈసారి చేత్తోనే రాయించాలనుకున్నాను. కర్నూల్లో చేత్తో బోర్డు రాసేవాళ్లు ఇంకా ఉన్నారా అని అడుగుతూ పోతే, కొండారెడ్డి బురుజు దగ్గర టీ కొట్టాయన ఈ షాపు చూపించాడు.

షాపంటే పదడుగుల గది. లోపలికి వెళ్లగానే టర్పెంటైన్ వాసన ముక్కుకు కొడుతుంది. గోడ మీద నా భుజాల ఎత్తున ఎర్ర గీత ఒకటి, పక్కన "2-10-2009" అని ముత్యాల్లాంటి అంకెలు. తుంగభద్ర ఊళ్లోకి వచ్చిన రోజు నీళ్లు అంత ఎత్తున నిలిచాయట. చిన్నప్పట్నుంచి దాచుకున్న అక్షరాల అచ్చులు, కుంచెలు అన్నీ పోయాయి. "అచ్చులు పోతే పోనీలే, చెయ్యి ఉండె గదా" అని ఒక్క మాటలో తేల్చేశారు. నేనే ఆ గీత దగ్గర కాసేపు నిలబడిపోయాను. ఆ వరదలో మా పిన్నివాళ్లు మిద్దె మీద రెండు రాత్రులున్నారు.

ఏం కావాలో కాగితం మీద గీసి చూపించాను. నా ఆలోచన ఏంటంటే, ఏ పార్టీ గెలిచిన వరుసకు ఆ పార్టీ రంగు వేస్తే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుందని. పెద్దాయన కాగితం పక్కన పెట్టారు. "బడి గోడకు ఆ రంగులొద్దు మేడం. పంచాయతీ ఆఫీసులకేసినప్పుడే కోర్టు తీసెయ్యమనె." అది నిజమే. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే 2020లో హైకోర్టు తీసెయ్యమంది, సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆ ముక్క క్లాసులో చెప్పేదాన్ని నేను, గుర్తు చేసింది ఆయన. చివరికి నల్ల రేకు మీద తెల్ల అక్షరాలే అనుకున్నాం.

మరి అధికారం చేతులు మారిన చోటు తెలిసేదెట్లా? దానికి ఆయనే ఉపాయం చెప్పారు. పార్టీ మారిన చోటల్లా రెండు వరుసల మధ్య లావు గీత, మారని చోట సన్న గీత. అప్పటికప్పుడు వేళ్ల మీద లెక్కేసుకున్నాం. 1983కు పైన ఒకటి, కాంగ్రెస్ పోయి తెలుగుదేశం వచ్చింది కాబట్టి. 1985లో మళ్లీ వాళ్లే, సన్న గీత. 1989లో కాంగ్రెస్, లావు. 1994లో తెలుగుదేశం, లావు. 1999 సన్నం. 2004 లావు. 2009 సన్నం. ఆ తర్వాత 2014, 2019, 2024 మూడూ లావే. "1995లో మామ కుర్చీలోకి అల్లుడొచ్చె గదా, దానికి గీత లేదా?" అని అడిగారు. అప్పుడు మారింది ముఖ్యమంత్రే, సభలో పార్టీ మారలేదన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు.

1983 గీత దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అప్పటికి గోడల మీద రాతలు నేర్చుకుంటున్న పిల్లాడట. ఆ చలికాలం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని సైకిల్ బొమ్మలు వేశారట. మేకు కొట్టి, దారం కట్టి, దారం కొసన బొగ్గు పట్టుకుని తిప్పితే చక్రం వచ్చేదని చేత్తో చూపించారు. హస్తం గుర్తుకు వేళ్లు కుదరడం కష్టమట. ఫ్యాను మాత్రం మూడు రెక్కలు సమంగా పడితే చాలట. అన్ని పార్టీలకూ రాశారు, ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోలేదు. ఎన్నికల సంఘం గోడ రాతల్ని కట్టడి చేశాక, ఆ వెనకే ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది.

కర్నూలు వాళ్లకు ఆ గీతల్లో ఇంకో సంగతి కనిపిస్తుంది. 1983లో కాంగ్రెస్ ఓడినప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. 1994లో ఓడినప్పుడూ ఆయనే. రెండుసార్లూ ఎన్నికల ముందు కుర్చీ మన జిల్లా మనిషికి వచ్చింది, రెండుసార్లూ ఎన్నికల్లో పోయింది. దీన్ని ఎన్నో ఏళ్లుగా పాఠంలో చెప్తున్నాను గానీ, బోర్డు మీద రెండు లావు గీతలుగా చూసేదాకా అదెంత పెద్ద సంగతో నాకే తట్టలేదు.

రాస్తుంటే చూస్తానని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. రేకుకు ముందు ప్రైమర్ కొట్టి ఒక రోజు ఆరబెట్టారు, తర్వాత రెండు పూతలు నల్ల ఎనామిల్. చాక్‌పొడి అద్దిన దారాన్ని అటు ఇటు బిగించి, మధ్యలో పట్టి టప్పున వదిలితే గీత పడుతుంది. ఆ గీతల మధ్యే అక్షరాలు. ఎడమ చేతిలో గుడ్డ చుట్టిన కర్ర, దాని మీద కుడి మణికట్టు. నేను కళ్లార్పకుండా చూసింది "రాష్ట్ర" అన్న మాటనే. మొదట ష పూర్తి చేశారు. కుంచె గుడ్డకు తుడిచి, మొన సన్నంగా చేసి, కింద ట వత్తు. ఊపిరి బిగబట్టి, దాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటూ ర వత్తు. మూడూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు కూర్చున్నాయి. ఫ్లెక్సీ మీద విడిపోయినవి ఈ మూడే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

ఒక తప్పు దొర్లింది. 2004కు 185 రాయాల్సిన చోట, కింది వరుసలో ఉండాల్సిన 2009 సంఖ్య 156 రాసేశారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే చూసుకుని, టర్పెంటైన్ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి మళ్లీ రాశారు. ఇప్పుడు వెతికినా మచ్చ కనబడదు.

అంకెలు పడేకొద్దీ ఆయనా నాలాగే వాటిలో మునిగిపోయారు. 2009లో 294 సీట్ల సభలో 156 గెలిచిన కాంగ్రెస్, విభజన తర్వాత మనకు మిగిలిన 175 సీట్లలో 2014లో ఒక్కటీ గెలవలేదు. అక్కడ సున్నా పెట్టాలా, గడి ఖాళీగా వదలాలా అని అడిగారు. సున్నా పెట్టమన్నాను. 2019 వరుసలో వైసీపీ 151, తెలుగుదేశం 23, జనసేన 1. 2024 వరుసలో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, వైసీపీ 11. 151 కింద 11 రాసి నిచ్చెన దిగి, వెనక్కొచ్చి చూశారు. "మధ్యలో అయిదు తీసేస్తే అయిపాయె గదా!" అన్నారు. మన ఉమ్మడి జిల్లా 14 సీట్లకు పక్కన చిన్న గడి కట్టించాను. 2019లో పద్నాలుగూ వైసీపీవే. 2024లో వాళ్లకు మిగిలినవి ఆలూరు, మంత్రాలయం రెండే. మా పిల్లల్లో సగం మంది అమ్మమ్మ ఊళ్లు ఆ వైపే, అందుకని ముందు ఆ గడి దగ్గరికే ఉరుకుతారు.

బోర్డు బిగించిన మొదటి వారంలోనే దాని విలువ తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లంచ్ బెల్లు తర్వాత వచ్చి, "టీచర్, 2009 కాడ్నుంచి అన్నీ లావు గీతలే ఎందుకుండాయి?" అని అడిగింది. ఇన్నేళ్ల నా పాఠంలో ఎవరూ అడగని ప్రశ్న. ఆ రోజు మిగతా సిలబస్ పక్కన పెట్టి దాని మీదే మాట్లాడుకున్నాం. చివరి గళ్లో నేను పట్టుబట్టి రాయించిన ఓట్ల శాతాలు అక్కడే పనికొచ్చాయి. 2019లో తెలుగుదేశానికి వచ్చినవి 39.17 శాతం ఓట్లు, సీట్లు 23. 2024లో వైసీపీకి 39.37 శాతం, సీట్లు 11. "ఓట్లు రవ్వంత ఎక్కువే వచ్చె గదా టీచర్, సీట్లు సగమెట్లాయె?" ఆ ప్రశ్న కోసమే నేను టీచరైంది. 2019లో జనసేన, బీజేపీ వేరువేరుగా నిలబడి ఓట్లు చీలాయని, 2024లో మూడూ కూటమి కట్టి ఒక్కో చోట ఒక్కరినే నిలబెట్టాయని, నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే సీటు వాళ్లదేనని, రెండో స్థానానికి ఎంత దగ్గరగా వచ్చినా ఏమీ దక్కదని చెప్పాను. ఆ తర్వాత పిల్లలు నాలుగు బెంచీలను నాలుగు నియోజకవర్గాలు చేసుకుని, చీటీలతో ఓట్లేసి వాళ్లే లెక్క చూసుకున్నారు. 175కు 88 ఎందుకు కావాలో ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు కూడా చెప్తారు.

ఇక ధర. రేకు, చెక్క చట్రం, రంగు, కూలి అంతా కలిపి 5,200 రూపాయలు. ఫ్లెక్సీకి ఇందులో నాలుగో వంతు కూడా కాలేదు, కాబట్టి ఇది తక్కువని చెప్పను. కానీ రెండు ఎండాకాలాలు దాటినా ఒక్క అక్షరం పెచ్చు లేవలేదు. వారంలో ఇస్తానని పదిహేను రోజులు చేశారు, మధ్యలో వినాయక చవితి పందిళ్ల బోర్డులు వచ్చి పడ్డాయి. తొందర పనైతే ఆయన దగ్గరికి వెళ్లొద్దు. జీఎస్టీ బిల్లు ఇవ్వలేరు, చేతి రసీదే ఇస్తారు. దాంతో స్కూలు గ్రాంటులో చూపించుకోలేక నేనూ, ఇద్దరు సహోద్యోగులూ తలా కొంత వేసుకున్నాం. ప్రభుత్వ ఆఫీసుల వాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి. వెళ్లేటప్పుడు రాయాల్సిన మాటలన్నీ కాగితం మీద శుభ్రంగా రాసి తీసుకెళ్లండి. నోటితో చెప్తే ఆయన కుంచె ముట్టరు.

రేకు అడుగున మూడు గళ్లు ఖాళీగా వదిలించాను, రాబోయే ఎన్నికలకు. ఇంకో చిన్న వరుస నేను అడగకుండానే ఆయన కలిపారు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నవంబరులో, మద్యనిషేధం వివాదంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన కథ వాళ్ల అబ్బాజాన్ చెప్పేవారట. బోర్డులో కనపడకపోతే ఎట్లా అని పట్టుబట్టారు. 1983 నుంచే కదా మొదలుపెట్టింది, ఎక్కడ ఇరికిస్తామని నేనన్నాను. వినలేదు. కుడి వైపు అడుగున చిటికెన వేలంత అక్షరాలతో రాశారు: "1954, మన ఊర్లో: ఒక్క ఓటు." దానికి పైసా తీసుకోలేదు. పిల్లలు వంగి మరీ చదువుతున్నది ఆ వరుసనే.

షాపుకు దారి: కొండారెడ్డి బురుజు నుంచి పాతబస్తీ వైపు నడిచి, చేత్తో బోర్డులు రాసే పెద్దాయన అని ఏ టీ కొట్టులో అడిగినా చూపిస్తారు. పొద్దున పదింటికి తెరుస్తారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తారు, నాలుగింటి తర్వాత వెళ్లండి. బోర్డు పెద్దదైతే ఆటో మీరే మాట్లాడుకోవాలి. దుప్పటి ఒకటి తీసుకెళ్లండి, చట్రం మూలలు గీసుకోకుండా.