సీడీ డ్రైవ్ పోయింది, లినక్స్ ఎక్కించాలి: ఏది మేలు?

పాత ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ సంగతి తెలిసిందే. ట్రే బయటికొస్తుంది, డిస్కు గిర్రున తిరుగుతుంది, రెండుసార్లు కీచుమని ఊరుకుంటుంది. దాన్ని బాగుచేయించే పని పెట్టుకోకండి. పెన్‌డ్రైవ్ ఉండగా అంత శ్రమ దేనికి?

లినక్స్ ఇన్‌స్టాలర్ మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా దొరుకుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఊరికే కాపీ చేసి పెడితే మాత్రం బూట్ కాదు, అంటే కంప్యూటర్ దాన్నుంచి మొదలవదు. రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో రాయాలి, అప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. నాకు వెంటాయ్ అనే ప్రోగ్రామ్ ఇంకా హాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఒక్కసారి ఎక్కించాక ఐఎస్ఓలను పాటల ఫైళ్లలా వేసుకుంటూ పోవడమే, ఏది కావాలో బూట్ అయ్యేటప్పుడు మెనూలో అడుగుతుంది. డెబియన్ అనే లినక్స్ రకానికి ఉన్న నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్ఓ (మిగతాది నెట్ నుంచి దించుకునేది) 1 జీబీ లోపే కాబట్టి మూలనపడ్డ చిన్న పెన్‌డ్రైవ్ కూడా చాలు.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనబడలేదా? దాన్ని గుచ్చాకే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) తెరవండి. కొన్ని పాత బయోస్‌లు దాన్ని యూఎస్‌బీ కింద కాకుండా హార్డ్ డిస్కుల జాబితాలో దాచిపెడతాయి. నేను ఒకసారి గంటసేపు తిట్టుకున్నాక అక్కడ దొరికింది.

నిజంగానే యూఎస్‌బీ నుంచి బూట్ కాని యంత్రమైతే చాలామంది పీఎక్స్ఈ అంటారు, అంటే నెట్‌వర్క్ బూట్. ఇరవై కంప్యూటర్ల ల్యాబ్‌కైతే బంగారం. ఒక్కదానికోసం డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్ అడ్రసు ఇచ్చేది), టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపేది) సర్వర్లు నిలబెట్టడం ఈగను కొట్టడానికి రోకలి ఎత్తడమే. పైగా మామూలుగా వైఫైతో కుదరదు, కేబుల్ ఉండాలి.

ఆ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఏదో లినక్స్ నడుస్తుంటే దాని బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) అయిన గ్రబ్ చేతే హార్డ్ డిస్కులోని ఐఎస్ఓను బూట్ చేయించవచ్చు. ఆ ఐఎస్ఓ ఉన్న పార్టిషన్‌ను (డిస్కులోని భాగాన్ని) ఇన్‌స్టాల్ మధ్యలో ఫార్మాట్ చేస్తే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

హార్డ్ డిస్కు ఖాళీగా ఉంటే నా ఓటు స్క్రూడ్రైవర్‌కి. డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి, అక్కడే ఇన్‌స్టాల్ చేసి, తెచ్చి మళ్లీ బిగించేయండి. డ్రైవర్లు చాలావరకు లినక్స్ మూలభాగమైన కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి లినక్స్ కొత్త ఇంట్లో సాధారణంగా పేచీ పెట్టదు. కాకపోతే ఆ రెండో కంప్యూటర్ సొంత డిస్కును ముందే పీకి పక్కన పెట్టండి, లేకపోతే బూట్‌లోడర్ వెళ్లి దానిమీద కూర్చునే ప్రమాదముంది. పాతది బయోస్ యంత్రమైతే ఇక్కడ కూడా యూఈఎఫ్ఐలో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) కాకుండా లెగసీ మోడ్‌లోనే (పాత బయోస్ పద్ధతి) ఇన్‌స్టాలర్‌ను బూట్ చేయండి. పాత ప్రాసెసర్ 32 బిట్‌దైతే ఐఎస్ఓ కూడా 32 బిట్‌దే కావాలి. ఇది మరిచిపోతే స్క్రూలన్నీ బిగించాక మళ్లీ విప్పుకోవాలి.