చంటిపిల్లలతో స్కీయింగ్ సెలవులు: నాలుగు చలికాలాలు తిరిగాక రాస్తున్నా

మేం ఉండేది మ్యూనిక్‌లో. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే ఆఫీసులో "స్కీయింగ్‌కి వెళ్తున్నారా?" అని ఎవరూ అడగరు, "ఎక్కడికి?" అనే అడుగుతారు. ఆ మాటల ఊపులో 2023 జనవరిలో మొదటిసారి బయల్దేరాం. అప్పటికి పెద్దాడికి మూడేళ్ళు, చిన్నదానికి ఎనిమిది నెలలు. మా ఆయనదీ నాదీ కృష్ణా జిల్లా, మంచు అంటే మాకు తెలిసింది ఫ్రిజ్‌లో పై అరలో గడ్డకట్టేదే. ఆ ట్రిప్ ఘోరంగా చెడింది. తర్వాత మూడు జనవరులూ ఆస్ట్రియాలో టిరోల్ వైపు ఉన్న సెర్ఫౌస్ అనే ఊరికే వెళ్ళాం, ప్రతిసారీ వారం రోజులు. ఒక్కసారి చూసొచ్చిన మురిపెంతో రాస్తున్నది కాదిది, డబ్బులు పోగొట్టుకున్న చోటు కూడా చెప్తాను.

ముందు చెడిన కథే. అద్దె తక్కువని ఎనిమిది వందల మీటర్ల ఎత్తున్న ఒక ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. ఆ ఏడాది కొత్త సంవత్సరానికి ఆల్ప్స్‌లో చలే లేదు, వేడి రికార్డులు బద్దలయ్యాయి, కింది కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. మేం దిగేసరికి పచ్చగడ్డి మధ్యలో ఎవరో తెల్లపంచె ఆరేసినట్టు యంత్రాలతో చేసిన మంచు ఒక్క చార, దాని మీదే ఊరి జనమంతా. సరే, పిల్లాడు నేర్చుకోడానికి అది చాలనుకున్నాం. ఇంటి నుంచి స్కీ స్కూలుకి మ్యాప్‌లో తొమ్మిది వందల మీటర్లు. మామూలుగా పది నిమిషాల నడకే కదా! కానీ ప్లాస్టిక్ బూట్లు వేసుకున్న మూడేళ్ళవాడు పది అడుగులు కూడా నడవడు, చంకనెక్కుతాడు. వాడు ఒక చంకలో, వాడి స్కీలు ఇంకో చేతిలో, స్ట్రోలర్ చక్రాలేమో కరిగిన బురదమంచులో కూరుకుపోతుంటే చంటిది లోపలినుంచి రాగం. నలభై నిమిషాలు పట్టింది. క్లాసు మొదలైపోయింది.

ఆ స్కూలు పేరు చెప్పను. గుంపులో పన్నెండుమంది పిల్లలు, ఒక్కడే టీచరు. మావాడికి ఒంటికి పోసుకోవాలని తెలుగులో చెప్పడం వచ్చు, కిండర్‌గార్టెన్ జర్మన్ ఇంకా అంతంతమాత్రం. ఎవరికీ చెప్పలేక ఆ ఒంటిముక్క సూటులోనే పోసేసుకున్నాడు, తడిసిన బట్టలతో గంటసేపు అలాగే ఉన్నాడు. మేం వెళ్ళేసరికి ఏడవను కూడా ఏడవట్లేదు, బిగుసుకుపోయి నిలబడ్డాడు. మిగిలిన నాలుగు రోజులూ స్కీలు చూస్తే చాలు నా కాలు పట్టుకుని వేలాడేవాడు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు.

ఆ వారం నాకు అర్థమైంది ఇదీ. ఐదేళ్ళలోపు పిల్లలున్నప్పుడు ఊరు ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్ల వాలు ఉంది, కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్టులు ఎన్ని ఉన్నాయి అన్న లెక్కలు పక్కన పడేయాలి. ఎక్కడికెళ్ళినా మీరు వాడేది ముప్పై మీటర్ల మ్యాజిక్ కార్పెట్టే, అంటే పిల్లల్ని నిలబెట్టి వాలు పైకి మోసుకెళ్ళే బెల్టు. చూడాల్సినవి రెండే: మంచం మీంచి మంచు దాకా ఎన్ని అడుగులు, ఊరు ఎంత ఎత్తులో ఉంది. సెర్ఫౌస్ మాకు నచ్చింది అందుకే.

ఆ ఊరు ఇన్ నది లోయకి పైన, 1,400 మీటర్లకి కాస్త ఎగువన, ఎండ బాగా పడే గట్టు మీద ఉంటుంది. పక్కనే ఫిస్, లాడిస్ అని ఇంకో రెండు ఊళ్ళు, మూడూ లిఫ్టులతో కలిసే ఉంటాయి. ఊళ్ళో చలికాలం కార్లు తిప్పనివ్వరు, దిగేటప్పుడు సామాను దించుకుని బండి పక్కన పెట్టేయాలి. దానికి బదులు వీధి కింద సొరంగంలో చిన్న రైలుంది, 1985 నుంచి నడుస్తోంది. చక్రాలుండవు, గాలిదిండు మీద తేలుతుంటే తాడుతో లాగుతారు. టికెట్ లేదు. నాలుగే స్టేషన్లు, ఒక కొస పార్కింగు, ఇంకో కొస గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ కొండెక్కే పెట్టె. స్ట్రోలర్‌తో సహా ఎక్కేయొచ్చు. మావాడికి స్కీయింగ్ కంటే ఈ రైలే ఇష్టం, ఒకరోజు ఊరికే అటూ ఇటూ ఆరుసార్లు తిప్పించాడు. గొండోలాలో పైకెళ్తే కొంపర్‌డెల్ అనే నడిమి స్టేషన్, దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, పిల్లల మంచు మైదానమంతా అక్కడే. స్కీలు, బూట్లు రాత్రికి లిఫ్టు దగ్గర డిపోలో పెట్టేస్తాం, పొద్దునకి బూట్లు ఆరి వెచ్చగా ఉంటాయి. చేతులూపుకుంటూ ఇంటికి రావచ్చు. ఆ డిపో అద్దె దగ్గర కక్కుర్తి పడకండి.

మొదటిరోజు గొండోలాలో చిన్నది చెవులు పట్టుకుని గుక్కపట్టింది. అప్పటినుంచి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాలసీసానో, నీళ్ళ సీసానో నోటికి అందించేవాళ్ళం, మింగుతుంటే చెవులు వదులవుతాయి. జలుబుంటే మాత్రం ఆ రోజు పైకి తీసుకెళ్ళొద్దు, కింద స్లెడ్ లాగుతూ గడిపేయండి.

వయసు సంగతికొస్తే, మూడేళ్ళకి తీసుకుంటారు కదా అని మూడేళ్ళకే చేర్పించక్కర్లేదు. 2024లో పెద్దాడికి నాలుగు దాటింది, ఏడాది క్రితం భయం ఇంకా పోలేదు. మొదటి రెండు రోజులు స్కీలే తొడగలేదు, ఉత్త బూట్లతో మంచులో తిప్పాం. మూడోరోజు గంటసేపు ఒక్కడికే టీచరుని పెట్టాం, రేటు ఎక్కువే, కానీ వారం గుంపు క్లాసుకి కట్టి నాలుగు రోజులు ఎగ్గొట్టడం కంటే అదే చవక. స్కీల ముందు కొసలు దగ్గరికి తెస్తే పిజ్జా, ఆగిపోతావు, సమానంగా పెడితే చిప్స్, జారతావు, ఇక్కడి పిల్లలందరికీ మొదటి పాఠం అదే. నాలుగోరోజు నాకు చెయ్యూపుతూ కార్పెట్ ఎక్కాడు. చిన్నది మాత్రం ఈ ఏడాది, మూడు ముప్పాతిక వయసులో, మొదటి రోజే అన్నని చూసి "నాకూ పిజ్జా" అని దూకేసింది. ఒకే కడుపున పుట్టినా ఒక్కొక్కళ్ళది ఒక్కో తీరు. ఏ పిల్లనైనా వదిలే ముందు "ఇష్ ముస్ పిపి" (ఒంటికి పోసుకోవాలి) అన్న మూడు జర్మన్ మాటలు మాత్రం బట్టీ పట్టించండి. అలాగే ఒంటిముక్క సూటు వద్దు, ప్యాంటు వేరు, జాకెట్ వేరు ఉండాలి. చంటిపిల్లలను చూసుకునే క్రెష్ కూడా ఆ ఊళ్ళో ఉంది, మేం వాడలేదు కాబట్టి దాని గురించి ఏమీ చెప్పను.

ఇప్పుడు బట్టలు. అందరూ పెద్ద జాకెట్ కొంటారు, గొడవంతా కాళ్ళ దగ్గర వస్తుంది. చలి కదా అని మొదటి ఏడాది వాడికి రెండు జతల సాక్సులు తొడిగాను. అది తప్పు, రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే సన్నటి ఉన్ని సాక్సు ఒక్కటి చాలు. బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, కాబట్టి బయల్దేరే ముందు వారం పాదం కొలవండి, పిల్లల కాళ్ళు నెలనెలా పెరుగుతాయి. అద్దె షాపులో లోపలి మెత్తని తొడుగు బయటికి తీసి, అందులో కాలు పెట్టించి, మడమ వెనక వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో నేనే చూస్తాను, "బాగుందా నాన్నా" అంటే మూడేళ్ళవాడు అన్నిటికీ ఊఁ అంటాడు. తొడిగేటప్పుడు నిలబెట్టి మడమ నేలకేసి రెండుసార్లు కొట్టించి ఆ తర్వాతే బకిల్ బిగించాలి. లోపలి ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు, పోయిందంటే సాయంత్రానికి కాలి ముందెముక మీద ఎర్రగా వాత తేలుతుంది. చేతికి ఐదువేళ్ళ గ్లౌజులొద్దు, ఆ ఐదు వేళ్ళనీ ఐదు గొట్టాల్లోకి పంపేసరికి మన ఓపిక అయిపోతుంది. బొటనవేలు ఒక్కటే విడిగా ఉండేవి రెండు జతలు కొనండి, ఒక జత ఎప్పుడూ తడిసే ఉంటుంది. మఫ్లర్ బదులు మెడకి గొట్టంలాంటి తొడుగు వేయండి, లిఫ్టుల్లో చిక్కుకోదు. హెల్మెట్ మీ ఊళ్ళో చట్టం ఉందా లేదా అని చూడకండి, పెట్టేయండి. సన్‌స్క్రీన్ అవసరమా అనుకుంటారు, మంచు మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా మళ్ళీ పైకే కొడుతుంది. మా ఆయన మొదటి ఏడాది నవ్వి వదిలేశాడు, గాగుల్స్ ఉన్నంత మేర వదిలి మిగతా ముఖమంతా కందిపోయి పదిరోజులు ఆఫీసులో అలాగే తిరిగాడు.

తిండి. హోటల్ కాదు, వంటిల్లున్న ఫ్లాటే తీసుకోండి. పైన రెస్టారెంట్లలో పప్పూ అన్నం తినే పిల్లలకి దొరికేవి చిప్స్, చీజ్ వేసిన నూడుల్స్ లాంటి స్పెట్జ్లె, వెనిలా సాస్‌లో కూర్చోబెట్టిన పెద్ద తీపి కుడుములాంటి గెర్మ్‌క్నోడెల్. మూడోరోజుకి కడుపు మొరాయిస్తుంది. మేం బియ్యం, కందిపప్పు, ఆవకాయ, ఇంట్లోని అల్యూమినియం కుక్కరు అన్నీ కట్టుకుని వెళ్ళాం. తీరా చూస్తే అక్కడున్నది ఇండక్షన్ పొయ్యి. కుక్కరు పెడితే ఉలకదు పలకదు, ఒక అడ్డగీత చూపించి కీచుమంటుంది. ఆ రాత్రి పప్పు గిన్నెలో ఉడకబెట్టాం, ఆ ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి గంటన్నర గడిచినా పప్పు పలుకు పలుకే. ఇప్పుడు స్టీలు అడుగున్న కుక్కరు, కరెంటు రైస్‌కుక్కరు రెండూ డిక్కీలో మొదట ఎక్కే సామాన్లు.

2025లో అమ్మ విజయవాడ నుంచి వచ్చింది. పిల్లలతో స్కీయింగ్‌కి అసలైన సౌకర్యం మ్యాజిక్ కార్పెట్ కాదు, అమ్మమ్మే. చీర మీద నా పాత స్కీ జాకెట్, తలకి మంకీ క్యాప్, కొంపర్‌డెల్ బెంచీ మీద కూర్చుని "ఇంత డబ్బు పోసి చలిలోకొచ్చి పడి లేవడం ఏంటే అమ్మాయ్" అంది. కానీ మనవడు కార్పెట్ దిగుతుంటే ఫోన్ దించలేదు. ఆ వారంలోనే భోగి వచ్చింది, 13వ తారీకు సోమవారం. రేగుపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? కింద సూపర్‌మార్కెట్లో ఎర్ర క్రాన్‌బెర్రీలు దొరికాయి, నానబెట్టిన శనగలు, పూలగుత్తి నుంచి పీకిన రేకులు, యూరో చిల్లర కలిపి పెద్దాణ్ణీ చిన్నదాన్నీ సోఫాలో కూర్చోబెట్టి భోగిపళ్ళు పోసింది. క్రాన్‌బెర్రీ కాలికింద నలిగితే ఎంత మరక పడుతుందో ఓనరుగారి తెల్ల తివాచీ మీద తెలిసింది. రెండు గంటలు తోమాను.

డబ్బు సంగతి. ఊరు చవక కాదు, దాచిపెట్టడమెందుకు. పెద్దలకి ఆరురోజుల లిఫ్టు పాస్ ఒక్కొక్కరికి మూడొందల యూరోలు దాటుతుంది. చంటిపిల్ల ఉంటే ఇద్దరూ ఒకేసారి స్కీయింగ్ చేయడం కల్ల. మొదటి ఏడాది ఇద్దరికీ పూర్తి పాస్ కొని నాది రెండుసార్లే వాడాను. తర్వాత నుంచి ఒకరికి ఆరు రోజులది, ఇంకొకరికి విడి రోజులవి కొంటున్నాం. కొన్ని ఊళ్ళలో అమ్మానాన్నలు మార్చుకుని వాడుకునే పాస్ ఉంటుంది, అడిగి చూడండి. స్కీలు, బూట్లు కొనొద్దు, అద్దెకే. ఇంకోటి, వాలు మీద కాలు విరిగితే హెలికాప్టర్ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది, మామూలు ఆరోగ్య బీమా దాన్ని భరిస్తుందనుకోవద్దు. మేం జర్మన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వం తీసుకున్నాం, అందులో రెస్క్యూకి 25,000 యూరోల దాకా కవర్ ఉంది. కొండల మీద ప్రమాదమైతే ఆస్ట్రియాలో 140కి ఫోన్ చేయాలి.

దారి: మ్యూనిక్ నుంచి గార్మిష్, ఫెర్న్‌పాస్ అనే కనుమదారి, ఇమ్‌స్ట్ మీదుగా వెళ్తాం, రోడ్డు ఖాళీగా ఉంటే మూడు గంటల లోపే. శనివారం ఖాళీగా ఉండదు, అద్దె ఇళ్ళలో జనం మారేది శనివారమే కాబట్టి ఫెర్న్‌పాస్ దగ్గర కార్లు బారులు తీరతాయి. తెల్లారి ఐదింటికి పిల్లల్ని నిద్రలోనే కార్లో వేసుకుని బయల్దేరితే ఒక నిద్ర, ఒకే వాంతి. వింటర్ టైర్లు, ఆస్ట్రియా హైవే టోల్ స్టిక్కరు మర్చిపోవద్దు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, జనవరి 6 సెలవు దాటాక ఫిబ్రవరి బడి సెలవుల ముందు వరకు. మనుషులు తక్కువ, రేట్లు తక్కువ. కాకపోతే చలి గట్టిగా ఉంటుంది, మైనస్ పన్నెండులో చిన్నది ఇరవై నిమిషాలకి మించి బయట ఉండేది కాదు. ఏడాదిలోపు పిల్లలుంటే నేనైతే మార్చి అంటాను, ఎండ ఉంటుంది, మధ్యాహ్నానికి మంచు తడిసి రుబ్బిన పిండిలా మెత్తబడుతుంది, అది పెద్దల బాధ. ఫిబ్రవరిలో ఒక శనివారం ఊరికే చూద్దామని వెళ్ళాం, కార్పెట్ దగ్గర రేషన్ షాపు క్యూ.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. పెద్దాడు ఈ సెప్టెంబరులో ఒకటో తరగతి. ఇక్కడ బడి ఉన్న రోజుల్లో సెలవులకి తీసుకెళ్ళడం కుదరదు, చాలా స్ట్రిక్టు. అంటే ఇకమీదట మాకూ ఫిబ్రవరి వారమే గతి. ఓనరుగారికి మెయిల్ పెడితే రేటు పంపాడు, జనవరిదానికి రెట్టింపు కంటే కొంచెం తక్కువ. తివాచీ గురించి ఏమీ అనలేదు. మా ఆయన బుక్ చేసేయమంటున్నాడు, అమ్మ మళ్ళీ వస్తుందో రాదో తేలాక జవాబిద్దామని నేను ఆపాను.