స్పార్క్ ప్లగ్గుల కోసం 16 ఎంఎం మ్యాగ్నెట్ సాకెట్: కొనొచ్చా?

ప్లగ్గును విప్పి, బిగించే ఈ సాకెట్ కొనొచ్చు, కాకపోతే ముందు మీ బండికి ఏ సైజు కావాలో చూసుకోండి. పాత మారుతి 800 లాంటి వాటికి 21 ఎంఎం, ఇప్పటి చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 16. లోపల రబ్బరు ఉండే సాకెట్లు చవకే కానీ, ఆ రబ్బరు ఊడి ప్లగ్గుకే అతుక్కుని, ఇంజిన్‌లో ప్లగ్గు కూర్చునే లోతైన గుంతలో ఉండిపోతే తియ్యడం పెద్ద తలనొప్పి. మ్యాగ్నెట్‌ది మాత్రం ప్లగ్గును పట్టుకుని నేరుగా పైకి తెస్తుంది, కొత్తది దించేటప్పుడు కూడా జారనివ్వదు, జారి పడిందంటే ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ పుట్టే గ్యాప్ మూసుకుపోవచ్చు కదా. పొడవాటి ఎక్స్‌టెన్షన్ రాడ్ లేకుండా దీనితో పని జరగదు, ప్యాకెట్లో అది ఇవ్వలేదు, అదొక్కటే నచ్చలేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. ప్లగ్గు బిగిసే సిలిండర్ హెడ్ అల్యూమినియం, వేడి మీద తిప్పితే దాని మరలు (థ్రెడ్లు) పోవచ్చు, ఇక ఖర్చు చూసుకోండి! ప్లగ్గు మీదుండే ఇగ్నిషన్ కాయిల్ తీశాక గుంతలోని దుమ్ము గాలితో ఊదెయ్యాలి, లేదంటే అదంతా సిలిండర్లోకే. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే రాట్చెట్ (సాకెట్‌ను తిప్పే హ్యాండిల్) తగిలించకుండా చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే రాట్చెట్‌తో ఇంకో అర చుట్టు, మహా అయితే కాస్త ఎక్కువ. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ ఉంటే, బండి మాన్యువల్‌లో రాసినంతే బిగించండి.