మేడ మీదికి వైఫై: రిపీటరా, మెష్షా, కేబులా?

రౌటర్ కింద హాల్లో ఉంటుంది, మేడ మీద పడగ్గదిలో ఫోన్ చక్రం తిప్పుతూ కూర్చుంటుంది. వైఫైలో వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక ఇటుక గోడను ఎలాగో దాటుతుంది గానీ, ఇనుప చువ్వల శ్లాబు దగ్గర చతికిలబడుతుంది. ఏదైనా కొనేముందు వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని గదిగదికీ తిరిగి చూడండి. సిగ్నల్ బలాన్ని అది డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది: మైనస్ 67, లేదా అంతకన్నా సున్నాకు దగ్గరగా ఉంటే వీడియో కాల్‌కు ఢోకా లేదు. మైనస్ 80 దగ్గర కనెక్షన్ పేరుకే.

రిపీటర్ అంటే రౌటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే చిన్న డబ్బా. చవక, ప్లగ్గులో పెడితే చాలు. కానీ చాలామంది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. తనకే అందనిది అది ఇంకొకరికి ఏం పంచుతుంది? దాని చోటు మెట్ల మలుపు, మైనస్ 65 అయినా అందే దగ్గర. అక్కడ పెట్టినా, ఒకే రేడియోతో తీసుకుని దానితోనే పంపే రకమైతే వేగం సగానికి పడిపోతుంది. గోడకు చిల్లు పెట్టనివ్వని అద్దె ఇంట్లో, ఒకరిద్దరి వాట్సాప్‌కు సరే.

మెష్ అంటే ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టిన వైఫై డబ్బాలు కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేయడం. అందులో అంతా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. కిందికీ పైకీ తిరిగినా ఫోన్ దగ్గరి డబ్బాకు మారడం తేలిక. అయితే రెండు డబ్బాల మధ్య కూడా శ్లాబే ఉంటే ఖరీదైన రిపీటర్ కొన్నట్టే.

మా ఓటు కేబుల్‌కే. కింది రౌటర్ నుంచి మేడ మీదికి కేబుల్ లాగి, పై చివర పెట్టడానికి మూలన పడేసిన పాత రౌటర్ చాలు. ముందు దాన్నొక్కదాన్నే కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగుల పేజీలో దాని ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) 192.168.1.2గా మార్చండి (మెయిన్ రౌటర్‌ది 192.168.1.1 అయితే). ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపేయండి, ఆ పని కింది రౌటర్‌దే. ఈ రెండూ మరిచి కలిపితే ఇంటిల్లిపాదికీ నెట్ పోతుంది. కింది రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకే కలపాలి, బయటి నుంచి నెట్ వచ్చే వ్యాన్ పోర్టుకు కాదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రౌటర్లకూ ఒకటే, ఒకదానికొకటి అడ్డుపడకుండా 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్ మాత్రం కింద 1 అయితే పైన 6 లేదా 11.

కేబుల్ క్యాట్6 అనే రకం నెట్‌వర్క్ కేబుల్, అచ్చమైన రాగిది అడగండి. బ్లేడుతో తీగను గీకితే లోపల తెల్లగా కనిపించిందా, అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. ఎనిమిది తీగల్లో ఒక్కటి సరిగ్గా క్రింప్ కాకపోయినా (చివరి ప్లగ్గులో బిగుసుకోకపోయినా) గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ రావాల్సింది 100కే ఆగుతుంది, లేదా అసలు కలవదు. కరెంటు వైర్లున్న పైపులో లాగకండి, పాత డిష్ కేబుల్ పైపు ఉంటే అందులోంచి లాగండి.

ఇక సెల్ టవర్ సిగ్నలే లేకపోతే? బజారులో దొరికే బూస్టర్ జోలికి పోకండి. అనుమతి లేకుండా పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా అది చుట్టుపక్కల ఫోన్లకూ అడ్డుపడుతుంది. ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే, ఆ సిమ్‌కు సదుపాయం ఉన్నంతవరకు, మామూలు కాల్సే వైఫై మీదుగా వెళ్తాయి. కరెంటు పోతే మాత్రం కాల్ కూడా పోతుంది. అందుకని ఫైబర్ డబ్బాకూ, రెండు రౌటర్లకూ మినీ యూపీఎస్ (కరెంటు పోయినా నడిపించే చిన్న బ్యాటరీ డబ్బా) తప్పనిసరి. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్టులో 9 వోల్టులో చూసుకోండి.