డబ్ల్యూపీ ఇంజన్ గురించి, దాని మీద పార పట్టినవాడి మాట

మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లు లాగిన డబ్ల్యూపీ స్టీమ్ ఇంజన్ అనగానే అందరికీ ఆ బుల్లెట్ ముక్కు, దాని మీద నక్షత్రమే గుర్తొస్తాయి. అందంగానే ఉండేది, కాదనను. కానీ బిట్రగుంట, బెజవాడ మధ్య సెకండ్ ఫైర్‌మన్‌గా (ఇంజన్ పొయ్యి పని చూసేవాళ్లలో రెండోవాడిగా) చేరి, ఆ తర్వాత ఫస్ట్ ఫైర్‌మన్‌గా ఏళ్ల తరబడి దాని మీద పనిచేసినవాడిగా నాకు నచ్చింది దాని పొయ్యి. ఎలాంటి బొగ్గు వేసినా స్టీమ్ ఇచ్చేది. మెయిల్ ట్రైన్ మీద పనిచేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

మన సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి 4-6-0 మెయిల్ ఇంజన్లలో (ముందు నాలుగు చిన్న చక్రాలు, తర్వాత ఆరు పెద్ద చక్రాలు, వెనక చిన్న చక్రాలు లేనివి) ఫైర్‌బాక్స్, అంటే పొయ్యి, చక్రాల మధ్య ఇరుక్కుని ఉండేది, గ్రేట్ (బొగ్గు మండే ఇనప జల్లెడ) సుమారు 32 చదరపు అడుగులు, వాటికి మంచి బొగ్గు పడాల్సిందే. డబ్ల్యూపీలో వెనక చిన్న చక్రాలు పెట్టి ఫైర్‌బాక్స్‌ని వాటిపైకి వెడల్పుగా పరిచారు కాబట్టి గ్రేట్ 46 చదరపు అడుగులయింది. అంత విశాలంగా మండే మంట ఉంటే నాసి బొగ్గుతో కూడా చదరపు అంగుళానికి 210 పౌండ్ల స్టీమ్ ప్రెషర్ నిలబెట్టొచ్చు. అయితే బొగ్గు ఎలా పడితే అలా విసిరితే కుదరదు. తలుపు కింద, వెనక మూలల్లో మందంగా, ముందుకు పోయేకొద్దీ పల్చగా ఉండాలి, కొంచెం కొంచెంగా వేస్తూనే ఉండాలి. మంటలో ఎక్కడైనా బొక్క పడితే చల్లగాలి దూరుతుంది, స్టీమ్ ప్రెషర్ గేజ్ ముల్లు దిగడం మొదలవుతుంది, డ్రైవర్ ఇటు తిరిగి చూస్తాడు, అక్కడి నుంచీ టెన్షన్. తెల్లగా మండుతున్న మంటలో ఒక చోట ఎర్రగా, మొద్దుగా కనిపించిందంటే అక్కడ క్లింకర్ (బూడిద కరిగి గట్టిపడ్డ గడ్డ) కడుతోందన్నమాట, పొడవాటి కడ్డీ పెట్టి వెంటనే లేపాలి. నేను మాత్రం గేజ్ కంటే పొగనే ఎక్కువ నమ్మేవాణ్ణి. పల్చటి బూడిద రంగు పొగ వస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

వెడల్పు పొయ్యి ఆలోచన డబ్ల్యూపీతో పుట్టింది కాదు. 1920ల్లో వచ్చిన ఎక్స్‌ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ ఇంజన్లలో అప్పటికే ఉంది. ఇంజన్ కుదురుగా పరిగెత్తడమే వాటికి చేతకాలేదు. వేగం పెరిగితే ఇంజన్ ముందు చిన్న చక్రాల చట్రం (బోగీ), వెనక చిన్న చక్రాల చట్రం (ట్రక్కు) పక్కలకి ఊగకుండా పట్టి ఉంచే బిగువు చాలేది కాదు, ఆ ఊపుకి పట్టాలే వంకర తిరిగేవి. 1937 జులైలో పాట్నా దగ్గర బిహ్టాలో ఎక్స్‌బీ లాగుతున్న ఎక్స్‌ప్రెస్ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత వేసిన కమిటీలో బ్రిటన్‌లో పేరున్న ఇంజన్ల డిజైనర్ విలియం స్టానియర్ కూడా ఉన్నాడు. అక్కడ నేర్చుకున్న పాఠమంతా డబ్ల్యూపీలో కనిపిస్తుంది. మొదటి 16 ఇంజన్లు 1947లో అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ చేసి పంపింది, ఆ తర్వాత కెనడా, పోలాండ్, ఆస్ట్రియాల నుంచి కూడా వచ్చాయి, చివరికి మన చిత్తరంజన్‌లోనే 1967 దాకా తయారయ్యాయి. మొత్తం 755. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి పనికొచ్చే ఇంజన్. ఒంగోలు దాటాక తిన్నటి లైన్‌లో జోరు మీద పోతున్నప్పుడు కాళ్ల కింద ప్లేటు అదురుతుంది గానీ ఇంజన్ అటూ ఇటూ కొట్టుకోదు, పార చేతిలో పెట్టుకుని నిలబడగలం. ఆ పని చేసినవాడికే ఆ తేడా తెలుస్తుంది.

లోపాల్లో మొదటిది, అంత పెద్ద గ్రేట్ పెట్టి బొగ్గు మాత్రం మనిషి చేత్తోనే వేయించడం. బొగ్గు తనంతట తానే వేసే యంత్రం, అంటే మెషిన్ స్టోకర్, లేదు. ఒకడు పెద్ద బొగ్గు పగలగొట్టి ముందుకు లాగుతుంటే ఇంకొకడు వేస్తూ ఉండాలి, ట్రిప్పు అయ్యేసరికి నడుం పడిపోయేది. మే నెలలో బాపట్ల, చీరాల మీదుగా పగటి డ్యూటీ అంటే ముందు నుంచి మంట, పక్క నుంచి వడగాలి. డిజైన్ చేసినవాళ్లు మనిషి గురించి ఇంకొంచెం ఆలోచించాల్సిందని నాకు ఇప్పటికీ కోపమే. రెండోది, బయల్దేరేటప్పుడు చక్రాలు జారడం. బరువులో కొంత వెనక చిన్న చక్రాల మీదికి పోతుంది కాబట్టి వాన తుంపర పడ్డ రోజు నిండు ట్రైన్‌ని కదిలించాలంటే రెగ్యులేటర్ (సిలిండర్లకి స్టీమ్ వదిలే పిడి) మీద చేయి చాలా మెత్తగా ఉండాలి. తొందరపడ్డ డ్రైవర్ చేతిలో చక్రాలు గిర్రున తిరిగేవి, ఆ ఊపుకి నేను కష్టపడి పరిచిన మంట సగం చిమ్నీలోంచి పోయేది.

మెయింటెనెన్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రెండే సిలిండర్లు, రెండూ బయటే, ఆయిల్ పోయాలన్నా చేయి పెట్టాలన్నా అన్నీ అందుబాటులోనే.

అన్నీ చూసుకుని ఐదుకి నాలుగు ఇస్తాను, పోయిన ఒకటి స్టోకర్ లేనందుకే. చూడాలనుకునేవాళ్లకి హర్యానాలోని రేవాడి స్టీమ్ షెడ్‌లో మొదటి ఇంజన్ 7200 ఉంది. ముక్కు దగ్గర ఫొటో దిగాక వెనక్కి వెళ్లి క్యాబ్ కింద ఉన్న ఆ చిన్న చక్రాలు కూడా చూడండి, పిల్లలుంటే పొయ్యి ఎందుకు అంత వెడల్పో అక్కడే చూపించి చెప్పొచ్చు.