గంట ప్రసంగమా, ఏడాది తోడా? అమ్మాయిలు సైన్స్‌లో నిలవాలంటే ఏది మేలు

ఫిబ్రవరి 11 దగ్గరపడుతుంటే మహిళా శాస్త్రవేత్తలకు స్కూళ్ల నుంచి వరసగా పిలుపులు వస్తాయి. సైన్స్‌లో మహిళలు, బాలికల దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన రోజు అది. వెళ్తారు, ఓ గంట మాట్లాడతారు, ఫొటో దిగి వచ్చేస్తారు. రెండో దారి మెంటరింగ్. ఒకరిద్దరు విద్యార్థినులకు ఏడాది పొడవునా అందుబాటులో ఉండటం. ఉన్న కాస్త తీరికా దేనికి ఇవ్వాలి?

గంట ప్రసంగమంటే నాకు చాలాకాలం చిన్నచూపే. గంటలో ఎవరి మనసు మారుతుందిలే అనుకునేదాన్ని. ఫ్రాన్స్‌లో జరిగిన ఓ ప్రయోగం గురించి చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. 2015-16లో పారిస్ పరిసరాల హైస్కూళ్లకు సైన్స్ రంగంలో పనిచేసే మహిళలు వెళ్లి తరగతికి గంట చొప్పున మాట్లాడారు. ఏ తరగతులకు వెళ్లాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి మిగతా తరగతులతో పోల్చి చూడటం కుదిరింది. స్కూలు చివరి ఏడాది సైన్స్ గ్రూపు అమ్మాయిల్లో, గట్టి పోటీ ఉండి అబ్బాయిలే ఎక్కువగా కనిపించే సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లు సుమారు 11 శాతం నుంచి 14.5 శాతానికి పెరిగారు. ఒక్క గంటకి ఇది తక్కువేం కాదు. అదే ప్రసంగం విన్న, రెండేళ్లు చిన్న తరగతి పిల్లల ఎంపికల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిర్ణయం తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకే ఆ గంట పనికొచ్చిందన్నమాట.

ఇంకో సంగతి నన్ను కాస్త గుచ్చింది. సైన్స్‌లో ఆడవాళ్లు ఎంత తక్కువో అని అదేపనిగా చెప్పిన ప్రసంగాలకన్నా, ఆ ఉద్యోగాలు ఎలా ఉంటాయో చూపించినవే బాగా పనిచేశాయట. నా స్లైడ్లలో మొదటిది ఎప్పుడూ 'ప్రపంచ పరిశోధకుల్లో మహిళలు మూడో వంతే' అన్నదే! తీసేశాను.

ఇక మెంటరింగ్. అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన 150 మంది అమ్మాయిలను మూడు గుంపులు చేసి చూశారు. 2017లో వచ్చిన ఫలితమిది: సీనియర్ అమ్మాయి మెంటర్‌గా ఉన్నవాళ్లలో ఏడాది చివరికి ఒక్కరూ ఇంజినీరింగ్ వదల్లేదు. మెంటరే లేనివాళ్లలో 11 శాతం, సీనియర్ అబ్బాయి మెంటర్‌గా ఉన్నవాళ్లలో 18 శాతం వెళ్లిపోయారు. గుంపుకి యాభై మందే కాబట్టి మగ మెంటర్లు దండగని తేల్చేయడం తొందరపాటు. నాకు ముఖ్యమనిపించింది వేరే. వాళ్లను నిలబెట్టింది మార్కులు కావు, 'నేనూ ఇక్కడిదాన్నే' అన్న ధీమా.

ఆ ధీమా చాలా చిన్న విషయాల్లో వస్తుంది. ఓ జూనియర్ అమ్మాయి, ల్యాబ్‌లో చేరతానని ప్రొఫెసర్‌కి మెయిల్ రాసుకుని, పంపకుండా పది రోజులు డ్రాఫ్ట్‌లోనే ఉంచుకుంది. నాకు చూపించింది. ఆరు వాక్యాల్లో మూడుసార్లు 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి' అని ఉంది. ఆ మూడూ కొట్టేశాం. తను చదివిన పరిశోధన పేపర్ గురించి ఒక ప్రశ్న చేర్చి, నేను పక్కన ఉండగానే పంపించింది. పది నిమిషాల పని. ఏ వేదిక మీద ఎంత గొప్పగా మాట్లాడినా ఈ పని జరగదు. మెంటర్ పేరున్న ప్రొఫెసరే కానక్కర్లేదనడానికీ ఇదే కారణం. అలాంటి డ్రాఫ్ట్ ప్రొఫెసర్‌కి ఎవరు చూపిస్తారు? రెండేళ్లు ముందున్న అక్కకైతే చూపిస్తారు.

డబ్బు సాయం మూడో దారి. 2018లో ఖగోళ శాస్త్రవేత్త జోసెలిన్ బెల్ బర్నెల్ తనకొచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతి మొత్తాన్ని, ఫిజిక్స్‌లో తక్కువగా కనిపించే వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం ఇచ్చేశారు. అది అందరివల్లా అయ్యేది కాదు.

రెంటిలో ఒకటే అంటే నా ఓటు మెంటరింగ్‌కే. ప్రసంగం లోపలికి పిలుస్తుంది, లోపలికి వచ్చినవాళ్లు మొదటి ఏడాదే వెళ్లిపోతే ఆ పిలుపు వృథా. కాకపోతే మెంటరింగ్‌కి ఒప్పుకుని మూడో నెలలో మాయమయ్యే పనైతే అసలు మొదలుపెట్టకండి. జవాబు రాకపోతే ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. ఏడాది మాట ఇవ్వలేనివాళ్లు ప్రసంగానికే వెళ్లండి. పిలిచిన స్కూలువాళ్లను మాత్రం ముందే అడగండి, చివరి ఏడాది పిల్లల్ని కూర్చోబెడుతున్నారా అని.